గ్యారేజీ మిత్రబృందం

గొంతు లేనివాడికి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క ఆశ్రయం గ్యారేజ్ రాక్. ఈ ముక్క నేను ఎన్నో విందుల్లో, ఎంతోమందిని మూలకి అడ్డగించి మరీ చెప్పాను. చేతిలో ప్లేటు చల్లారిపోతున్నా మొహమాటానికి నిలబడి విన్న పుణ్యాత్ములందరికీ ఈ సందర్భంగా క్షమాపణలు. అప్పట్లో నేను సంగీతం గురించి చెబుతున్నాననే అనుకున్నాను. చెబుతున్నది నా గొంతు గురించేనని ముందు పక్కింటివాళ్ళకి తెలిసింది, తర్వాత మా ఆవిడకి తెలిసింది, అందరికంటే ఆఖర్న నాకు తెలిసింది.

మాది ఏలూరు. చిన్నప్పుడు వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా పెద్దాయన దగ్గరికెళ్ళి పాడతానన్నాను. సగం పల్లవి విని, నోరు మూయించి, చేతిలో మరకాస్ పెట్టాడు. మర్నాడు అవి కూడా వెనక్కి లాక్కున్నాడు. గింజలున్న కాయలు ఊపడంలో కూడా శ్రుతి తప్పగలిగినవాణ్ణి ఆయన తన సర్వీసులో నన్నొక్కణ్ణే చూసుంటాడు. ఆ అవమానాన్ని కడుపులో దాచుకునే ఇంజనీరింగ్ చదివాను, పెళ్ళి చేసుకున్నాను, అమెరికా వెళ్ళి ఒరెగాన్ రాష్ట్రంలో హిల్స్‌బరో అనే ఊళ్ళో చిప్పులు తయారుచేసేచోట ఉద్యోగంలో కుదురుకున్నాను. అక్కడితో ఆగితే మర్యాదగా ఉండేది.

ఆ ఊళ్ళో శీతాకాలమంతా సన్నజల్లు పడుతూనే ఉంటుంది. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో కారు రేడియోలో పాత పాటలు వినడం తప్ప వేరే కాలక్షేపం లేదు. ఓ సాయంత్రం అందులో ఒక పాట వచ్చింది. గిటారు మీద మూడే మూడు కార్డులు, వాటినే పట్టుకుని గిర్రున తిరుగుతున్నారు. పాడేవాడి గొంతు నోట్లో వేడి ఇడ్లీ పెట్టుకుని వీధి చివరివాణ్ణి పిలుస్తున్నట్టుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. పైగా మధ్యలో ఒకచోట వాడు తొందరపడి ముందే అందుకున్నాడు, నాలిక్కరుచుకుని ఆగిపోయాడు. డ్రమ్ములు వాయించేవాడు గబగబా నాలుగు దెబ్బలేసి ఆ ఖాళీని కప్పెట్టాడు. ఇదంతా అలాగే రికార్డులో ఉంది! కారు పక్కకి తీసి ఆపేశాను. నా జన్మలో మొదటిసారి ఒక గాయకుడు అచ్చం నాలాగే పాడాడు.

ఆ పాట పేరు 'లూయీ లూయీ'. పాడినవాళ్ళు కింగ్స్‌మెన్. తీరా చూస్తే వాళ్ళు మా పక్క ఊరివాళ్ళే, పోర్ట్‌లాండ్ కుర్రాళ్ళు. 1963 ఏప్రిల్ 6న యాభై డాలర్లకి అటూఇటూ ఖర్చుతో ఊళ్ళో ఉన్న చిన్న స్టూడియోలో దీన్ని రికార్డు చేశారు. మైకు ఎక్కడో పైన కప్పుకి వేలాడుతోంది. పాడినవాడు జాక్ ఈలీ. పళ్ళకి క్లిప్పులున్నాయి, మెడ పైకెత్తి గుడి గంట అందుకునేవాడి భంగిమలో అరవాల్సి వచ్చింది. అందుకే ఆ మాటలు అలా ముద్దముద్దగా వచ్చాయి. మళ్ళీ పాడదామా అని ఎవరూ అనలేదు. అదే వారంలో, అదే స్టూడియోలో, అదే పాటని పాల్ రివీర్ అండ్ ద రైడర్స్ అనే ఇంకో బృందం శుభ్రంగా పాడి వెళ్ళింది. దేశం ఆ శుభ్రమైనదాన్ని వదిలేసి ఈ తప్పులతడకని నెత్తిన పెట్టుకుంది. ఆ ఏడాది డిసెంబరుకల్లా బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానానికి చేరింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన దగ్గర ఒక్క అపస్వరం పలికితే మరకాస్ కూడా చేతికివ్వరు. అక్కడ అపస్వరం పలికితే చరిత్రలోకెక్కించారు. నేను పుట్టాల్సింది ఏలూరులో కాదు, పోర్ట్‌లాండ్‌లో. అదీ ఓ పాతికేళ్ళు ముందుగా. మీరు నవ్వుతున్నారు గానీ, బాత్‌రూములో కుళాయి తిప్పి గొంతెత్తినప్పుడు 'నన్నెవరూ గుర్తించలేదు గానీ' అని ఒక్కసారైనా అనుకోనివాళ్ళు ఉంటే చేతులెత్తండి. ఎత్తరు. నాకు తెలుసు.

అక్కణ్ణించి పిచ్చి ముదిరింది. 1964లో బీటిల్స్‌ని టీవీలో చూసి అమెరికాలో ప్రతి వీధిలోనూ నలుగురు కుర్రాళ్ళు నాన్న కారుని బయటికి నెట్టేసి గ్యారేజీలో గిటార్లు పట్టుకున్నారు. గ్యారేజ్ రాక్ అంటే అదే. అందులో చాలామందికి ఒక్క పాట తగిలింది, తర్వాత మళ్ళీ తగల్లేదు. అలాంటి 27 పాటల్ని లెనీ కే అనే ఆయన 1972లో 'నగెట్స్' పేరుతో రెండు ఎల్పీలుగా కూర్చాడు. నాకది భాగవతం అయిపోయింది. మిషిగన్‌లో మెక్సికో వలస కూలీల పిల్లలు పెట్టిన ఒక బ్యాండ్ ఉంది. దాని నాయకుడి పేరు అక్షరాల్లో ఉండదు, ఒక ప్రశ్నార్థకం గుర్తు, అంతే. నల్లకళ్ళద్దాలు తియ్యడు, తను అంగారకుడి మీద పుట్టానంటాడు. 1966లో వాళ్ళ '96 టియర్స్' మొదటి స్థానానికి వెళ్ళింది. లాస్ ఏంజెలెస్ నుంచి మ్యూజిక్ మెషీన్ అని ఇంకో బ్యాండ్. అందరికీ నల్ల బట్టలు, నల్లరంగేసిన జుట్టు, ఒక్కొక్కరికీ ఒక్క చేతికే నల్ల గ్లవ్. స్టాండెల్స్ అనేవాళ్ళు కూడా లాస్ ఏంజెలెస్ వాళ్ళే, కానీ బోస్టన్ మురికి నీళ్ళ గురించి పాడారు. ఇప్పుడు ఆ పాటని బోస్టన్ బేస్‌బాల్ జట్టు గెలిచినప్పుడల్లా స్టేడియంలో వేస్తారు. ఊరు తమది కాకపోయినా జాతీయగీతం తమదైపోవడం అంటే ఇదే. హిల్స్‌బరోలో ఉన్న నాకు ఇందులో శుభశకునం కనబడింది.

అన్నిటికంటే నాకు నచ్చింది కౌంట్ ఫైవ్. శాన్ హోసే కుర్రాళ్ళు. డ్రాక్యులా వేసుకునేలాంటి పొడుగాటి నల్ల అంగవస్త్రాలు కప్పుకుని పాడేవాళ్ళు. 1966లో ఒక్క పాట అయిదో స్థానం దాకా వెళ్ళింది. తర్వాత చదువుల్లో పడ్డారు. ఈ బ్యాండ్ గురించి లెస్టర్ బ్యాంగ్స్ అనే విమర్శకుడు 1971లో ఒక వ్యాసం రాశాడు. వాళ్ళ తర్వాతి ఎల్పీలు ఎంత గొప్పవో, ఎలా దిగజారిపోయాయో, ఒక్కొక్క దాన్నీ పేరు పెట్టి మరీ వర్ణించాడు. చదివి ఊగిపోయాను. శనివారం పోర్ట్‌లాండ్ వెళ్ళి ఒక పాత రికార్డుల కొట్టువాణ్ణి ఆ రెండో ఎల్పీ ఉందా అని అడిగాను. గడ్డం కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్ననే అయిపోయింది సార్, వచ్చే వారం రండి" అన్నాడు. వచ్చే వారం వెళ్ళాను. "ఇప్పుడే ఒకాయన పట్టుకెళ్ళాడు" అన్నాడు. ఆ తర్వాతి వారమూ వెళ్ళాను. నేను తలుపు తీయగానే కొట్లో ఉన్నవాళ్ళంతా రికార్డుల పెట్టెల్లోకి తలలు దూర్చేసేవాళ్ళు. నా పరిజ్ఞానానికి జడిసి అనుకున్నాను. కౌంట్ ఫైవ్ జన్మలో చేసింది ఒక్కటే ఎల్పీ అనీ, మిగతావన్నీ బ్యాంగ్స్ సరదాకి కల్పించి రాశాడనీ మా అబ్బాయి ఫోనులో చూసి చెప్పేదాకా నేను ఆ కొట్టు మానలేదు. అంతకంటే ఘోరం ఒకటుంది. ఈలోగా ఒక పార్టీలో ఆ లేని ఎల్పీని నేను విన్నానని, రెండోవైపు కాస్త తేలిపోయిందని కూడా చెప్పేశాను.

ఇక మామయ్యగారి సంగతి. ఏలూరు నుంచి మా అత్తమామలు వచ్చారు. ఒరెగాన్ వచ్చిన ప్రతి తెలుగువాడూ తల్లిదండ్రుల్ని మల్ట్‌నోమా జలపాతం దగ్గర నిలబెట్టి ఫొటో తీస్తాడు. నేను వాళ్ళని పోర్ట్‌లాండ్ నడిబొడ్డున 13వ అవెన్యూలో ఒక పాత కట్టడం ముందు నిలబెట్టాను. 'లూయీ లూయీ' రికార్డు చేసింది అక్కడే. వాన పడుతోంది. అత్తయ్యగారు గోడకేసి చూసి, "చెప్పులు విప్పాలా బాబూ?" అని అడిగారు. నేను గొడుగు కింద ఉపన్యాసం మొదలుపెట్టాను. కాసేపు విని మామయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"మేం మద్రాసులో చదువుకునే రోజుల్లో ఇలాంటిదే ఒకటి చూశానండీ అల్లుడుగారూ. సిమ్లా సిగరెట్ల వాళ్ళు బ్యాండులకి పోటీ పెట్టారు. కుర్రాళ్ళు భలే గోల చేశారు లెండి."

"అవన్నీ వేరు మామయ్యగారూ" అన్నాను. అని, పళ్ళ క్లిప్పుల దగ్గర ఆపిన కథని మళ్ళీ అందుకున్నాను. ఆయన పెద్దమనిషి, మారు మాట్లాడలేదు.

అవి వేరు కావు. సిమ్లా బీట్ అని ఆ సిగరెట్ కంపెనీ దేశమంతా పోటీలు నడిపింది. గెలిచిన బృందాల పాటలతో 1970లో ఒక ఎల్పీ, 1971లో ఒక ఎల్పీ వచ్చాయి. అచ్చమైన గ్యారేజ్ రాక్. వాటికోసం విదేశాల్లో రికార్డులు పోగుచేసేవాళ్ళు కాళ్ళరిగేలా తిరుగుతారు. ఇవన్నీ తెలుసుకుని, ఒళ్ళు మండి, ఒక అర్ధరాత్రి ఏలూరుకి ఫోన్ చేసి, "మామయ్యగారూ, ఆరోజు ఏ పాటలు పాడారు? ఎవరెవరు పాడారు?" అని గుక్కతిప్పుకోకుండా అడిగాను. "పాటలు గుర్తులేవండీ. ఒకడి జుట్టు మాత్రం గుర్తుంది, ఇంతుంది" అన్నారాయన. ఫోనులో చేత్తో చూపించి ఉంటారు. వాన్లో నిలబెట్టి నేను చరిత్ర చెప్పినప్పుడు నా గొడుగు కింద ఉన్నవాళ్ళలో ఆ చరిత్రని కళ్ళారా చూసినవాడు ఆయనొక్కడే.

ఇంత జరిగాక మనిషన్నవాడు బుద్ధి తెచ్చుకుంటాడు. నేను బ్యాండ్ పెట్టాను.

నలుగురం. గుంటూరు కుర్రాడొకడు డ్రమ్స్. చిన్నప్పట్నించీ గురువుగారి దగ్గర మృదంగం నేర్చుకున్నాడు. గిటారు వరంగల్ మిత్రుడు. కీబోర్డు వాయించే చెల్లెమ్మది విజయవాడ, చర్చిలో క్వయర్ నడిపిన అనుభవం ఉంది. ముగ్గురికీ సంగీతం వచ్చు. అసలు సిసలు గ్యారేజ్ కళాకారుణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి నాయకత్వం సహజంగానే నాకు దఖలు పడింది. దఖలు పడిందంటే నేనే తీసుకున్నాను. గ్యారేజీ మాదే మరి. కింగ్స్‌మెన్ చరిత్రలో ఇందుకు ఆధారం కూడా ఉంది. వాళ్ళ డ్రమ్మరు లిన్ ఈస్టన్ తల్లి బ్యాండ్ పేరుని కొడుకు పేరు మీద రిజిస్టరు చేయించింది. 1963 వేసవిలో అతను 'ఇకనుంచి నేనే పాడతా, నువ్వు డ్రమ్ములు కొట్టుకో' అనేసరికి జాక్ ఈలీ అలిగి బయటికెళ్ళిపోయాడు. వెళ్ళాక పాట దేశమంతా మోగింది. టీవీలో ఈస్టన్ నిలబడి ఈలీ గొంతుకి పెదాలు కదిపాడు. కింగ్స్‌మెన్‌ని ఒక్క పాట బ్యాండ్ అంటే నేను ఒప్పుకోను, 1965లో ఇంకో పాట నాలుగో స్థానానికి వెళ్ళింది. ఒక్క పాట మనిషి ఎవరంటే జాక్ ఈలీ. అందుకే ఆయనంటే నాకు ప్రాణం. ఆయన ఫొటో గ్యారేజీలో నీళ్ళ హీటరు మీద అంటించాను. మా ఆవిడ అదెవరని అడిగితే మా మేనేజరన్నాను.

గ్యారేజీ అన్నానే గానీ, అందులో సోనా మసూరి బస్తాలు, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్, ఊరి నుంచి వచ్చిన ఆవకాయ జాడీలు, మంచులో వాడే టైర్లు. వాటి మధ్య నలుగురం ఒదిగి నిలబడేవాళ్ళం. పేరు దగ్గర చాలా గొడవైంది. నేను రాసుకొచ్చిన పేర్ల జాబితా చూసి చెల్లెమ్మ, "అన్నయ్యా, ఇవన్నీ పురుగుల మందుల పేర్లలా ఉన్నాయి" అంది. ఎటూ తేలలేదు.

కప్పుకి మైకు వేలాడాలన్నాను. వేలాడితేనే కదా మెడ పైకెత్తేది, మెడ పైకెత్తితేనే కదా మాటలు ముద్దయ్యేది. గ్యారేజీ తలుపుని మోటారు లాగే పట్టాకి తాడు కట్టి మైకు వేలాడదీశాను. ఆరోజు బ్రహ్మాండంగా పాడుతున్నాను, కళ్ళు మూసుకుని. ఇంతలో మా ఆవిడ సరుకులు కొనుక్కుని వచ్చి కారులోంచి రిమోట్ నొక్కింది. తలుపు లేచింది. తలుపుతోబాటు పట్టా మీద మైకు కదిలింది. నేను పాట ఆపలేదు. కళాకారుడు ఆపడు. మెడ పైకెత్తుకునే మైకు వెనకాలే నడిచాను. బస్తా తగిలింది, దాటాను. ట్రెడ్‌మిల్ ఎక్కి దిగాను. మైకు గ్యారేజీ ఆ చివరికి వెళ్ళి ఆగింది. నేను అలమరకి గుద్దుకుని ఆగాను. వెనక్కి తిరిగి చూద్దును గదా, బార్లా తెరిచిన తలుపు, కారులో మా ఆవిడ, ఆవిడ పక్కన కాలనీ సంఘం అధ్యక్షురాలు, కుక్కతో.

"అన్నా, ఊకె అట్ల ఒర్రకు, గొంతు పోతది" అన్నాడు వరంగల్ మిత్రుడు, అంతసేపూ గిటారు ఆపకుండానే.

ఇప్పుడు అసలు నేరం దగ్గరికొద్దాం. ఆ రికార్డులోని తప్పుంది చూశారూ, ముందే అందుకుని ఆగిపోవడం, దాన్ని కూడా ఉన్నదున్నట్టు వేదిక మీద చెయ్యాలని నా సంకల్పం. తెలియక చేసిన తప్పుని తెలిసి చెయ్యాలి. ఎక్సెల్ షీటు వేశాను. ఎన్నో సెకనులో పొరబాటు, ఎన్నో సెకనులో కంగారు, ఎన్నో సెకనులో సర్దుకోవడం, ఒక్కొక్కటీ ఒక్కో రంగు. ఈలీ అంత నిర్లక్ష్యంగా పాడటానికి నేను ఆఫీసులో సెలవు పెట్టి మరీ సాధన చేశాను.

గుంటూరు కుర్రాడికి ఇది మింగుడు పడలేదు. "అన్నయ్యా, ఎత్తుగడ ఇక్కడ కదా. మీరు ముందే వచ్చేస్తే తాళం దెబ్బతింటుంది."

"దెబ్బతినాలనేరా నా బాధంతా!"

"మా గురువుగారికి తెలిస్తే చంపేస్తారన్నయ్యా."

"మీ గురువుగారు కాకినాడలో ఉన్నారు. నువ్వు హిల్స్‌బరోలో ఉన్నావు. నేను తప్పు చెయ్యగానే నువ్వు నాలుగు దెబ్బలేసి కప్పెట్టు, చాలు."

వాడు తలూపాడు. లోపల ఒప్పుకోలేదు.

ఉగాది సంబరాల్లో మాకు అవకాశమిచ్చారు. బీవర్టన్‌లో ఒక బడి ఆడిటోరియం అద్దెకి తీసుకున్నారు. కార్యక్రమ పత్రంలో పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, ఆ కింద 'గ్యారేజీ మిత్రబృందం వారిచే పాశ్చాత్య గీతాలాపన', ఆ కింద 'చిన్నారుల కూచిపూడి', ఆ కింద భోజనాలు. మా పేరు అలా స్థిరపడింది. నేను మ్యూజిక్ మెషీన్ పద్ధతిలో నఖశిఖపర్యంతం నలుపు కట్టాను. కుడిచేతికి ఒక్క నల్ల గ్లవ్. ప్రశ్నార్థకం గారి గౌరవార్థం నల్లకళ్ళద్దాలు. కౌంట్ ఫైవ్ అంగవస్త్రం కోసం మా ఆవిడ నల్ల పట్టుచీర మీద కన్నేశాను గానీ, ఆవిడ ఆ పొద్దున్నే బీరువా తాళం నడుముకి దోపుకుంది. ఉగాదినాడు నల్లబట్టలేమిటని గుమ్మంలోనే ఇద్దరు పెద్దవాళ్ళు మొహం చిట్లించారు. పట్టించుకోలేదు.

వేదికెక్కగానే పాడెయ్యాలి. పాడితే నేనెందుకవుతాను? మైకు పట్టుకుని చరిత్ర చెప్పడం మొదలెట్టాను. ఈ పాట 1957లో రిచర్డ్ బెర్రీ అనే నల్లజాతి గాయకుడిదని, పెళ్ళి ఖర్చులకని హక్కుల్ని 750 డాలర్లకి అమ్మేసుకున్నాడని, 1980లలో గానీ తిరిగి ఆయనకి న్యాయం జరగలేదని చెప్పాను. అప్పటికి కుంపటి మీద పులిహోర పోపు వాసన లోపలికొచ్చింది. మొదటి వరస కదిలింది. ఇందులో బూతులున్నాయని ఒక తండ్రి అమెరికా అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీకి ఉత్తరం రాశాడని చెప్పాను. వెనక వరసలో పసిబిడ్డ ఏడుపందుకుంది. ఇండియానా గవర్నరు మండిపడ్డాడని, ఎఫ్‌బీఐ రంగంలోకి దిగిందని, రికార్డుని మెల్లగా తిప్పి, జోరుగా తిప్పి, రెండేళ్ళు విని, ఏ వేగంలో తిప్పినా ఒక్క ముక్కా అర్థం కావట్లేదని చేతులెత్తేసిందని చెప్పాను. నిజానికి అందులో ఉన్నది ఒక జమైకా నావికుడు సారాకొట్టులో మందు పోసేవాడితో తన పిల్లని చూడాలని ఉందని చెప్పుకోవడమే అని ముగించి, చప్పట్ల కోసం ఆగాను. "నాయనా, పాడితే పాడు" అందొక గొంతు చీకట్లోంచి.

పాడాను. మొదటి చరణం గడిచింది, రెండోది గడిచింది, గిటారు ముక్తాయింపు మొదలైంది, ఇది అయ్యాకే నా తప్పు రావాలి, లెక్కపెట్టుకుంటున్నాను, ఎక్సెల్ షీటు కళ్ళముందు ఆడుతోంది, కానీ మా వరంగల్ మిత్రుడు జన్మలో మొదటిసారి అంతమంది ముందు వాయిస్తున్నాడు, వాడికి పూనకం వచ్చింది, ఆపడే, ఇంకో ఆవర్తం, ఇంకోటి, నా లెక్క పోయింది, నల్లద్దాల్లోంచి ఎవరి మొహమూ కనబడదు, ఇప్పుడా కాదా, ఇప్పుడా కాదా, అని ఎటో తెగించి అందుకున్నాను. ముందే అందుకున్నాను! అద్భుతం! సరిగ్గా తప్పు పడింది! కానీ గుంటూరు కుర్రాడు మృదంగం నేర్చినవాడు, గాయకుడు తడబడితే కాయడం వాడి రక్తంలో ఉంది. అన్నయ్య కంగారుపడ్డాడని జాలిపడి, ఒక్క దెబ్బతో తాళాన్ని ఎత్తి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. చెల్లెమ్మ కూడా అదే క్షణంలో నాతో కలిసింది. గిటారు కూడా వచ్చి కలిసింది. నా తప్పు మాయమైపోయింది. పాట చక్కగా ఉంది. నాకు గుండె జారిపోయింది. షీటు ప్రకారం ఇప్పుడు నేను నాలిక్కరుచుకుని ఆగాలి. ఆగాను. గాయకుడు ఆగితే ఆగాలని వాళ్ళ ముగ్గురికీ తెలుసు. ఆగారు.

నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో మొదటి వరసలోంచి ఒక పెద్దావిడ ఎంతో ఆపేక్షగా, "చేతికేమైంది బాబూ, కాలిందా?" అని అడిగింది.

ఈ సందులో పాట అయిపోయిందనుకుని సౌండ్ చూసే అబ్బాయి తర్వాతి పాట నొక్కేశాడు. మృదంగం, నట్టువాంగం గణగణ మోగాయి. రెండువైపుల నుంచీ గజ్జెలు ఘల్లుఘల్లుమంటూ పట్టుబట్టల్లో అయిదారేళ్ళ పిల్లలు బిలబిలా దిగారు. గుంటూరు కుర్రాడు తేరుకునేలోపే వాడి చేతులు ఆ తాళానికి డ్రమ్స్ వాయించడం మొదలెట్టాయి. నేను మధ్యలో నల్లకళ్ళద్దాలతో, ఒంటి గ్లవ్‌తో, ఎటు వెళ్ళినా ఎవరి జడో తొక్కుతానేమోనని కదలకుండా నిలబడిపోయాను. నా చుట్టూ పుష్పాంజలి జరిగింది. ఒక చిన్నపిల్ల నా కాళ్ళ మీద కూడా పూలు చల్లింది. పాపం, నృత్యంలో భాగమనుకుంది. హాలు దద్దరిల్లేలా చప్పట్లు. ఆ చప్పట్లలో నా వాటా ఎంతో ఇప్పటికీ లెక్క తేలలేదు.

మా అబ్బాయి ఆ రాత్రి కారులో ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆవిడ మాట్లాడింది. అవన్నీ ఇక్కడ రాయలేను.

భోజనాల దగ్గర ఒక పెద్దాయన నా భుజం తట్టి, "బాగా పాడావయ్యా. ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు" అన్నాడు. నేను పులిహోర ప్లేటు పక్కన పెట్టి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. ఎఫ్‌బీఐ అంతటివాళ్ళు ఇచ్చిన యోగ్యతాపత్రాన్ని ఆయన నాకు ఉగాది పూట, ఉచితంగా ఇచ్చాడు. ఆయనకి ఆ సంగతి వివరిద్దామని మొదలుపెట్టాను. నీళ్ళు తెచ్చుకుంటానని వెళ్ళి మళ్ళీ రాలేదు.

బ్యాండ్ అక్కడితో ఆగిపోయింది. చెల్లెమ్మకి డాలస్ బదిలీ అయింది. గుంటూరు కుర్రాణ్ణి అదే సంఘంవాళ్ళు త్యాగరాజ ఆరాధనకి పిలిచారు. వరంగల్ మిత్రుడు ఆ ముక్తాయింపుని ఇంకా వాయిస్తూనే ఉన్నాడని వాళ్ళావిడ అంటుంది. గ్యారేజీలోకి కారు వచ్చింది. జాక్ ఈలీ ఫొటో హీటరు వేడికి ముడుచుకుపోయింది గానీ తియ్యలేదు.

మొన్న దీపావళికి ముందు ఆ సంఘం సాంస్కృతిక కార్యదర్శి ఫోన్ చేశాడు. "అన్నగారూ, కమిటీలో అందరూ మిమ్మల్నే తలుచుకున్నారండీ" అన్నాడు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మా ఆవిడకి సైగ చేసి స్పీకరు ఆన్ చేశాను. "మీ దగ్గర మంచి యాంప్లిఫయరు, మైకు స్టాండూ ఉన్నాయట కదండీ. అన్నమయ్య కీర్తనలకి ఓ పూట ఇప్పిస్తారేమోనని" అన్నాడు.

ఇస్తానన్నాను. ఇవ్వకపోతే బావుండదు కదా. తెచ్చి ఇచ్చేది కూడా నేనేనన్నాను. ఎలాగూ వస్తున్నాను కాబట్టి, కీర్తనలకీ భోజనాలకీ మధ్య ఓ మూడు నిమిషాలు ఖాళీ ఏమైనా ఉంటుందేమో చూడమని కూడా చెప్పాను. చూస్తానన్నాడు. నల్ల గ్లవ్ రెండోది ఎక్కడ పెట్టానో వెతుకుతున్నాను. ఈసారి రెండు చేతులకీ వేసుకుంటే ఎవరూ కాలిందా అని అడగరు.